క్యారెట్లకు పూసిన ఊట

ముందు తుడవాలి. క్యారెట్టయినా మామిడికాయ ముక్కయినా ముందు తుడవాలి, తడి అనేది కంటికి కనబడకుండా, వేలికి తగలకుండా పోయేదాకా తుడవాలి. ఈ ఇంట్లో ఆ పని నాకంటే బాగా చెయ్యగలిగినవాళ్ళు లేరు, ఎందుకంటే నన్ను చెయ్యనిచ్చింది అదొక్కటే. పోయిన మామగారి పాత పంచె ఇది, ఉతికి ఉతికి మీగడలా మెత్తబడింది. ప్రతి వేసవిలో ఆవకాయ పెట్టే రోజు పొద్దున్నే అత్తయ్య దీన్ని నా ఒళ్ళో పడేస్తారు, "అమ్మాయ్, నువ్వు ముక్కలు తుడువు" అంటారు, ఇక ఆ రోజుకి నా పని అంతే. జీడి తియ్యి, పొర లాగు, తుడువు, పక్కన పెట్టు. కారం, ఆవపిండి, ఉప్పు బేసిన్లో పడే వేళకి నేను లేచి అవతలికి వెళ్ళిపోవాలి. వెళ్ళమని ఎవరూ అనరు. నేను లేచేదాకా ఊరికే ఆగుతారు, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటూ, గొంతు సవరించుకుంటూ, నూనె డబ్బా మూత తిప్పుతూ. ఆ ఆగడం ఎంత బరువో నా వీపుకి తెలుసు. ఇవాళ ఆ గుడ్డతోనే క్యారెట్లు తుడుస్తున్నాను, గట్టిగా, తొక్క ఊడొచ్చేటంత గట్టిగా.

ఊటీ క్యారెట్లు. నిన్న ఆయన నూజివీడు మార్కెట్టుకి కాయలు దింపి వస్తూ అదే ట్రేలో పడేసి తెచ్చారు, అందుకే వీటికి కూడా మామిడి సొన వాసన అంటుకుంది. చెక్కు తీసి, నిలువుగా చీల్చి, చూపుడువేలంత ముక్కలు కోశాను. నూనె, ఉప్పు, కాస్త మిరియాల పొడి పట్టించి ఓవెన్ ట్రేలో పరుస్తున్నాను, ఒకదానికొకటి తగలకుండా. తగిలితే వేగవు, ఒకదాని ఆవిరికి ఒకటి ఉడికి మెత్తబడిపోతాయి, ఉమ్మడి కుటుంబంలో మనుషుల్లాగే. హాల్లోంచి ప్రవల్లిక వదిన నవ్వు వినిపిస్తోంది. మా ఆయనకి అక్క, ఉంగుటూరు కోడలు. ఏటా తన జాడీలు తనే మోసుకుని వచ్చి, పుట్టింటి ఆవకాయ నింపుకుని పోతుంది. ఆవిడ నవ్వితే ఆగిరిపల్లి సెంటరు దాకా వినబడుతుంది. మొన్న విజయవాడ హోటల్లో ఎవరిదో ఫంక్షన్‌కి వెళ్ళొచ్చి ఫ్యామిలీ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టింది: "క్యారెట్లని ఓవెన్లో కాల్చి పెట్టారర్రా, తియ్యగా, కారంగా, ఏం రుచి అనుకున్నారు! మన కొంపల్లో క్యారెట్టంటే తాళింపు, కాదంటే హల్వా. ఒరే తమ్ముడూ, మీ ప్రసన్న దగ్గర ఓవెన్ ఉందిగా, అది వండటానికా, అలంకారానికా?" ఆ గ్రూపులో అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. మా ఆయన కూడా ఒకటి పెట్టారు. ఆ మెసేజ్ నేను చాలాసార్లు విన్నాను, కోపం చల్లారకుండా ఉండటానికి విన్నాను. అలంకారానికా వదినా, సరే, ఇవాళ మధ్యాహ్నం తిని చెప్పండి.

ట్రే లోపలికి తోసి తలుపు వేశాను. కడ్డీలు ఎర్రబడుతున్నాయి. ఓవెన్ ముందు నిలబడితే మే నెల ఎండ వంటింట్లోకి నడిచొచ్చినట్టుంది, జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది, అయినా కదలబుద్ధి కావడం లేదు. గాజులోంచి క్యారెట్లు మెరుస్తున్నాయి. తీపి ఇప్పుడే పెట్టకూడదు, మాడిపోతుంది. ఉప్పూ నూనెతోనే వేగాలి, అంచులు ముడుచుకోవాలి, పచ్చివాసన పోవాలి, అప్పుడు చివర్లో పుయ్యాలి తీపీ కారమూ. తొందరపడితే అంతా చేదే. తొందరపడకపోవడం నాకు బాగా అలవాటు, పెళ్ళయిన రెండో వేసవి నుంచీ నేర్చుకున్నదే అది.

ఆ ఏడు అత్తయ్యకి కంటి ఆపరేషన్ అయింది. కారం ఘాటు తగలకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు, పెద్దావిడ నల్లద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చుని, "అమ్మాయ్, నువ్వే కలుపు" అన్నారు. ఎంత పొంగిపోయానో. మా అమ్మ దగ్గర నేర్చుకున్నదంతా గుర్తు చేసుకుంటూ, మోచేతుల దాకా ఎర్రబడేలా కలిపాను. రాత్రంతా అరచేతులు మండితే నీళ్ళ బకెట్లో పెట్టుకుని కూర్చున్నాను, ఆ మంట కూడా గొప్పగా అనిపించింది. మూడో రోజు తిరగకలిపితే ముక్కకి రెండంగుళాల పైన తేలింది నూనె. పక్కింటివాళ్ళు గిన్నెలు పట్టుకొచ్చి పెట్టించుకుపోయారు. ఆషాఢంలో ప్రవల్లిక వదిన పురిటికి వచ్చింది, నిండు చూలాలు, ఏం తిన్నా ఆవకాయే కావాలనేది. నేను కలిపిన ఆవకాయ అంత ఇష్టంగా తింటుంటే మురిసిపోయాను కూడా. పిచ్చిదాన్ని. శ్రావణంలో ముసురు పట్టిన రోజుల్లో ఒక పొద్దున అత్తయ్య జాడీ మూత తీశారు. గరిటెతో పైపైన కదిపి, వంగి, చాలాసేపు లోపలికి చూశారు. ఆ తర్వాతే పిలిచారు అందరినీ. తెల్లటి బూజు, జాడీ నిండా, దూదిపింజలు పరిచినట్టు.

"ముట్టుతో గాని ముట్టుకున్నావా అమ్మాయ్?" మొదట అడిగింది అది, మామగారి ముందు, ఆయన ముందు. కాదన్నాను. నేల చూస్తూనే అన్నాను. "మరి చెయ్యి మంచిది కాదు. కొందరి చేతులంతే, మనం ఏం చేస్తాం" అన్నారు అత్తయ్య, తిట్టినట్టు కాదు, జాలి పడినట్టు. తిట్టు అయితే ఎప్పుడో మర్చిపోయేదాన్ని, జాలి మర్చిపోవడం కుదరలేదు. వదిన పక్కనే నిలబడి పొట్ట మీద చెయ్యి వేసుకుని, "పోన్లే అమ్మా, చిన్నపిల్ల, దానికేం తెలుసు" అంది. ఆ మాట అన్న నోటితోనే ఊరంతా చెప్పింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గాని, ఆవిడ నోటి పుణ్యమా అని ఆగిరిపల్లి నుంచి ఉంగుటూరు దాకా నా చెయ్యికి పేరొచ్చింది. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు నా చేతిలోంచి వడియాల పిండి గిన్నె మెల్లగా లాగేసుకోవడం, గృహప్రవేశంలో పాలు పొంగించేటప్పుడు నన్ను వెనక్కి జరపడం, ఇన్నేళ్ళూ ఇదే వరస. ఆయనతో చెప్పుకుంటే, "పచ్చళ్ళ గొడవల్లోకి నన్ను లాగకు" అని టీవీ సౌండ్ పెంచేవారు.

బూజు పట్టిన ఆవకాయని పెరట్లో ఎరువుగుంతలో పారబొయ్యమన్నారు నన్నే. జాడీ వంచి గరిటెతో గీరుతుంటే కనబడింది. అన్నం మెతుకు. ఉబ్బి, ఎర్రబడి, చుట్టూ బూజు గూడు కట్టుకుని, ఒకటి. ఇంకాస్త గీరితే ఇంకో రెండు. ఆ ఇంట్లో కంచంలో అన్నం కలుపుకున్న చేత్తో నేరుగా జాడీలో చెయ్యి పెట్టే మనిషి ఎవరు? నేనా? కొత్త కోడల్ని, గరిటె కడిగి తుడిచి ఎండలో పెట్టి మరీ తీసేదాన్ని. అత్తయ్యా? ఆవిడ మడీ ఆచారం నాకు తెలియదా? పొద్దుగూకే వేళ, కంచం ఒళ్ళో పెట్టుకుని కొట్టుగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకునే వదినని నేను రెండు మూడుసార్లు చూశాను. చాటుగా తినడం కడుపుతో ఉన్నవాళ్ళ ముచ్చటనుకున్నాను. మెతుకుని వేలి మీద పెట్టుకుని అక్కడే నిలబడిపోయాను, వర్షంలో. లోపలికి వెళ్ళి చూపించొచ్చు. పుట్టింటికి పురిటికొచ్చిన ఆడపిల్లని దొంగని చెయ్యాలా, ఎవరు నమ్ముతారు, నమ్మినా ఎవరు క్షమిస్తారు? మెతుకుని మట్టిలోకి విదిలించి చెయ్యి కడుక్కున్నాను. కానీ దాని గరుకు మాత్రం చూపుడువేలి చివర అలాగే ఉండిపోయింది, ఇందాక ఉప్పు పట్టిస్తుంటే కూడా తెలిసింది.

ట్రే బయటికి లాగి ముక్కలు తిప్పాను. ఒక వైపు గోధుమరంగు వచ్చింది, అంచులు అక్కడక్కడ నల్లబడ్డాయి, బాగుంది. ఇంకో వైపు వేగనిద్దాం. అటక మీద ఈ ఓవెన్ తాలూకు అట్టపెట్టె ఉంది. ఈ ఇంట్లో ఎవరూ ముట్టుకోని వస్తువు ఏదైనా ఉందంటే ఆ అట్టపెట్టే, ఎందుకంటే దాంట్లో ఏమీ లేదని అందరికీ తెలుసు. పోయినేడు ఇదే రోజుల్లో అందరూ గుడివాడలో పెళ్ళికి వెళ్ళారు. తలనొప్పి అని ఉండిపోయాను. తోటలో మా ఆయన కళ్ళు పడని మూల చెట్టు కాయలు కోసుకొచ్చాను, నా చేత్తో కోసి, నా చేత్తో తుడిచి, చాన్నాళ్ళకి నా చేత్తో కలిపాను. కలుపుతుంటే ఏడుపొచ్చింది. ఏడిస్తే కన్నీటిబొట్టు పడుతుందని, తడి తగులుతుందని, తల వెనక్కి వాల్చి పైకప్పు చూస్తూ కలిపాను. ఆ మధ్యాహ్నం గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది నాకు. చిన్న జాడీలోకి ఎత్తి, గుడ్డ వాసెన కట్టి, అట్టపెట్టెలో పెట్టి అటక ఎక్కించాను. మూడో రోజు అత్తయ్య కునుకు తీస్తుంటే స్టూలేసుకుని ఎక్కి తిరగకలిపాను. వానాకాలం దాటింది, చలికాలం దాటింది, మళ్ళీ మామిడి పూత వచ్చింది, పిందె రాలింది. నేను ఎప్పుడు మూత తీసినా నూనె అద్దంలా ఉంది. ఏడాది తిరిగితేనే ఆవకాయ నిలిచినట్టు లెక్క, అందుకే నోరు మూసుకుని ఏడాది ఆగాను.

అసలు నేను పెద్దగా ఏమీ అనుకోలేదు. జాడీని అందరి ముందూ పెట్టి, చూడండి అని ఒక్క మాట అందామనుకున్నాను, అంతే. నిన్న సాయంత్రం దాకా అంతే అనుకున్నాను. నిన్న హాల్లో చాప పరిచి ఆవపిండి జల్లిస్తున్నారు. ఏడాదిగా అత్తయ్య చేతులు వణుకుతున్నాయి, జల్లెడ నిలవడం లేదు. "ఈసారి నావల్ల కాదు, ఎల్లుండి ప్రవల్లిక కలుపుతుంది, ఇక మీదట అదే" అని ప్రకటించేశారు. సరే, ఆవిడ తల్లి, ఆవిడ ఇష్టం. అప్పుడు మా కీర్తిప్రియ, ఇంటర్ పరీక్షలయ్యి ఖాళీగా ఉంది కదా, నానమ్మ చేతులు చూసి జాలి పడి, జల్లెడ అందుకోబోయింది. వదిన దాని మణికట్టు పట్టుకుని పక్కకి తీసేసింది. "నువ్వొద్దు తల్లీ. మీ అమ్మ చెయ్యి నీకొచ్చుంటుంది. నువ్వు ఎల్లుండి ముక్కలు తుడుచుకో, ఎంచక్కా." నవ్వుతూనే అంది. అందరూ నవ్వారు. పిల్ల నవ్వబోయి ఆగి, అరచెయ్యి డ్రస్సుకి తుడుచుకుంది, ఏదో అంటుకున్నట్టు. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. పడుకోబోయే ముందు నా పక్కకి వచ్చి, చేతులు రెండూ చాపి, "అమ్మా, చెయ్యి మంచిది కాకపోవడం అంటే ఏంటమ్మా? ఎలా తెలుస్తుంది?" అని అడిగింది. ఆ చేతులు రెండూ నా చేతుల్లోకి తీసుకున్నాను. నా చెయ్యి అన్నారు, పడ్డాను. నా కూతురి చెయ్యి అంటే పడను. ఆ క్షణం వదిన నా ఎదురుగా ఉండుంటే ఆ ఆవపిండి కళ్ళల్లో కొట్టేదాన్ని, నిజంగానే కొట్టేదాన్ని.

అయ్యో, కరెంటు. ఫ్యాను ఆగింది, ఫ్రిజ్ ఆగింది, ఓవెన్లో ఎర్రటి కడ్డీలు చూస్తుండగానే బూడిదరంగుకి తిరిగిపోతున్నాయి. లోడు ఎక్కువైతే చాలు, ఈ లైను ఇంతే. నాకే ఎందుకిలా, సరిగ్గా పుయ్యబోయే వేళకి. హాల్లోంచి వదిన, "ఏంటి ప్రసన్నా, ఓవెన్ చల్లారిందా?" అని అరిచింది, ఆ గొంతులో ఎంత సంతోషమో. అరవండి. నాకు ఇనప పెనం ఉంది. దోసెల పెనం పొయ్యి మీద పెట్టి, సెగ పెంచి, క్యారెట్లన్నీ ఒక వరసలో పేర్చాను. చుర్రుమన్నాయి. ఓవెన్ కంటే ఇదే నయం, కాలిన మచ్చ ఎక్కడ పడాలో నేను చెప్పినట్టు పడుతోంది. పక్క పొయ్యి మీద చిన్న గిన్నెలో తాండ్ర ముక్క, కాసిని వేడినీళ్ళు. మా చిన్నరసాల తాండ్రే, పోయిన వేసవిలో చాప మీద పొర మీద పొర పోసి ఎండబెట్టింది. అది కరిగి జిగురొచ్చాక స్టూలెక్కి అట్టపెట్టెలోంచి జాడీ తీశాను. గుమ్మం వైపు ఓసారి చూసి, వాసెన విప్పి, పొడి గరిటెతో పైనున్న ఎర్రటి ఊట రెండు గరిటెలు తీసి తాండ్రలో కలిపాను. ముక్కు దాకా వచ్చింది వాసన, ఆవ ఘాటు, పుల్లని కాయ, కింద ఎక్కడో పండు తీపి. వేలితో అద్ది నాలిక మీద పెట్టుకున్నాను. కళ్ళు మూసుకుపోయాయి.

పూస్తున్నాను. ఒక్కో ముక్కకీ, అటూ ఇటూ, మెరిసేలా. తాండ్ర పట్టుకుని ఊట జారకుండా నిలుస్తోంది. పైన వేయించిన నువ్వులు, కొత్తిమీర. ఏం అనాలో లోపల చదువుకుంటున్నాను, పరీక్షకి వెళ్ళే పిల్లలా. వదినా, మీరిప్పుడు మెచ్చుకున్నది మంచిది కాని చెయ్యే. అలా కాదు. వదినా, మెతుకు గుర్తుందా మీకు? అలా కూడా కాదు, ఒకేసారి అంత వద్దు. ఆవిడ కడుపునిండా తినాలి, మళ్ళీ మళ్ళీ అడగాలి, నోట్లో ముక్క ఉన్నప్పుడు తెలియాలి. ఉమ్మలేక మింగలేక ఉండాలి. అత్తయ్య పాపం పెద్దావిడ, ఆవిడకేం తెలుసు, బూజు చూసి అలా అనుకున్నారు, ఆవిడ మీద నాకేం లేదు. ఆవిడకి కూడా నిజం తెలిస్తే చాలు. కరెంటు వచ్చింది, ఫ్యాను తిరిగింది, కంచాలు పెట్టమని కీర్తిని కేకేశాను.

ముద్దపప్పు, గుత్తివంకాయ, చారు, క్యారెట్లు. టేబులుకి ఒక వైపు అత్తయ్య, వదిన, ఇంకో వైపు ఆయన, కీర్తి. నేను వడ్డిస్తూ నిలబడ్డాను. వదిన మొదట అనుమానంగా చివర కొరికింది. తర్వాత మొత్తం పెట్టుకుంది. ఇంకోటి. పప్పన్నం మధ్యలో ఇంకో రెండు.

"ఏంటి ప్రసన్నా ఇది! ఆ హోటలోళ్ళు నీ దగ్గర నేర్చుకోవాలి. తీపి ఏం వేశావు, తేనెనా?"

"కాదండీ, తాండ్ర. మన చిన్నరసాల తాండ్ర."

"మరి ఆ పులుపూ ఆ ఘాటూ?"

"ఆవకాయ ఊట వదినా."

ఆవిడ గెలిచినదానిలా తల్లి వైపు తిరిగింది. "విన్నావా అమ్మా! నీ చేతి ఊట పడితే గడ్డిపరకైనా పరమాన్నమే. అందుకే అంటాను, చెయ్యి అనేది దేవుడిచ్చేది, అందరికీ ఉండదని." అని ఇంకో ముక్క నోట్లో వేసుకుంది.

అత్తయ్య నమలడం ఆపారు. "నా జాడీ మాఘమాసంలోనే అడుగంటిందే ప్రవల్లికా. అప్పట్నుంచీ కొట్లో కొన్న పచ్చడే తింటున్నాం."

"మరి ఇది ఎవరిది?"

నేను చదువుకున్న మాటలన్నీ ఎటుపోయాయో పోయాయి. లోపలికి వెళ్ళి, జాడీ తెచ్చి, టేబులు మధ్యలో పప్పుగిన్నె పక్కకి జరిపి పెట్టాను. మూత తీశాను. నూనె కదలకుండా నిలిచి ఉంది, పైన తిరుగుతున్న ఫ్యాను కూడా కనబడేంత తేటగా. పొడి గరిటెతో ఒక ముక్క తీసి అత్తయ్య కంచంలో వేశాను. ఆవిడ వణికే వేళ్ళతో అన్నంలో కలుపుకుని ముద్ద పెట్టుకున్నారు. టెంకె చివర కొరికారు. గట్టిగా ఉంది ముక్క, కరకరమంది. ఆ చప్పుడు నేను చచ్చేదాకా మర్చిపోను.

"ఎప్పటిది?"

"పోయినేటిదండీ. నేనే పెట్టాను. ఏడాది నిండింది."

"బూజు రాలేదే."

"రాలేదు అత్తయ్యా. ఇందులో అన్నం మెతుకు పడలేదు కదా."

దొంగకి తేలు కుట్టినట్టయింది వదినకి. బుగ్గలో ముక్క అలాగే ఉంది, చెయ్యి మంచినీళ్ళ గ్లాసు కోసం వెళ్ళింది. తాగండి, ఉప్పు తిన్నవాళ్ళు నీళ్ళు తాగాల్సిందే. ఇదే, ఇన్నేళ్ళూ నేను కోరుకున్నది ఇదే, ఈ మొహం, ఈ ఎర్రబడ్డ చెవులు. లోపల ఎవరో డప్పు వాయిస్తున్నట్టుంది నాకు.

"ఏ మెతుకు?" అన్నారు ఆయన, వంకాయ నములుతూ.

"ఏ మెతుకమ్మా?" అంది కీర్తి.

అత్తయ్య అడగలేదు. అప్పుడు చూశాను ఆవిడ వైపు. ఏ మెతుకు, ఎప్పటి మెతుకు, ఎవరిది, అని ఆవిడ అడగాలి కదా, అడగలేదు. కూతురి వైపు ఒక్క చూపు చూసి, కంచంలోకి తల దించుకుని, అన్నాన్ని వేళ్ళతో చుట్టూ తిప్పుతున్నారు. శ్రావణం ముసురు, జాడీ మూత తీసి, వంగి, చాలాసేపు చూసిన మనిషి. ఆపరేషన్ అయిన కళ్ళు ఏం చూస్తాయిలే అనుకున్నాను నేను. తోట గట్టు మీద నిలబడి కొమ్మ చివర పిందెకి తగిలిన పురుగుకాటు చూపించే కళ్ళవి. చూశారు. అప్పుడే చూశారు. చూసి, మెతుకుని బూజులోకి గరిటెతో నొక్కేసి, ఆ తర్వాత పిలిచారు అందరినీ. ముట్టుతో గాని ముట్టుకున్నావా అమ్మాయ్ అని అడిగారు. జాలి పడ్డారు. ఇన్నేళ్ళూ తల్లీకూతుళ్ళిద్దరూ ఒకళ్ళకి తెలిసిన సంగతి ఇంకొకళ్ళకి తెలుసని తెలిసే, నేను లేచి వెళ్ళేదాకా ఆగుతూ వచ్చారు. నేను పాపం పెద్దావిడ అనుకుంటూ రోజూ కాళ్ళకి నూనె రాశాను.

"ఏ మెతుకో అమ్మని అడగండి" అన్నాను ఆయనతో. "అక్కనయినా సరే."

ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. మొదటిసారి ఆ మనిషి పచ్చడి గొడవలోంచి లేచిపోలేదు, చెయ్యి కంచంలోనే ఉంచి కూర్చున్నారు.

"రేపు నువ్వే కలుపమ్మా" అన్నారు అత్తయ్య, తల ఎత్తకుండా. అమ్మాయ్ కాదు, అమ్మా. "మంచి చెయ్యి నీది. నేనే అంటున్నా కదా. ఇక ఆ మాట వదిలెయ్."

వదిలెయ్యాలట. ఆ ఒక్క మాట కోసం ఎన్నేళ్ళు కాచుకున్నానో, అది ఇప్పుడు ఎంగిలి ముక్కలా నా ముందు పడేశారు, నోరు మూసుకోవడానికి లంచంగా. ఒకప్పుడైతే కళ్ళకద్దుకునేదాన్ని. ఇప్పుడు ఒళ్ళంతా మండిపోయింది, ఆ రాత్రి బకెట్లో పెట్టుకున్న అరచేతుల్లా.

"నేను కలపను అత్తయ్యా. కీర్తి కలుపుతుంది. నేను పక్కన కూర్చుని చెప్తాను."

"చిన్నపిల్ల, దానికేం..." అని వదిన మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేసింది.

వంటింట్లోకి వెళ్ళి గట్టు మీద ఆరేసిన మామగారి పంచె ముక్క తీసుకొచ్చాను. క్యారెట్ల రంగు పసుపుపచ్చగా అంటింది దానికి. మధ్యలో పళ్ళతో కొరికి, రెండు చేతులా పట్టుకుని లాగాను. చర్రున రెండుగా చిరిగింది. ఒక ముక్క వదిన కంచం పక్కన పెట్టాను. రెండోది అత్తయ్య కంచం పక్కన.

"రేపు ముక్కలు తుడవడానికి ఇద్దరు కావాలి" అన్నాను. "కారం కలిపేటప్పుడు లేచి అవతలికి వెళ్ళాలి. వెళ్ళమని నేను అననులెండి, ఆగుతాను."

పెనం మీద ఇంకా నాలుగు ముక్కలున్నాయి. తెచ్చి కీర్తి కంచంలో వేశాను. అది నా వైపు ఒకసారి, వాళ్ళ వైపు ఒకసారి చూసి, ఊటంటిన వేళ్ళు ఒక్కొక్కటీ నాక్కుంటూ నాలుగూ తినేసింది.